లవంగ నూనె పిండిలో వద్దు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చదివి ఊరుకోలేకపోయాను, వెంటనే రాస్తున్నాను. ఇంట్లో కాల్చే రొట్టెకు బూజు పట్టకుండా పిండిలో లవంగ నూనె కలుపుతానన్నావు. నీ ఉత్సాహం నాకెంతో నచ్చింది. కానీ పిండిలో మాత్రం కలపకు!

లవంగంలోని యూజినాల్, దాల్చిన చెక్కలోని సినమాల్డిహైడ్, వాములోని థైమాల్ బూజును అడ్డుకుంటాయన్నది నిజమే. ఇవి నీటికన్నా కొవ్వులో బాగా కరుగుతాయి. అందుకే బూజు కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తాయి. లోపలి లవణాలు బయటికి కారిపోయి కణం కుంటుపడుతుంది. అయితే నీ పిండిని పొంగించే ఈస్టు కూడా బూజులాగే శిలీంధ్రమే కదా! బూజును అణిచే మోతాదు వేస్తే ఈస్టు కూడా అణగిపోతుంది, రొట్టె గట్టిపడుతుంది. అంతా సరిగ్గా పొంగినా, పొయ్యి వేడికి ఆ నూనెలో కొంత ఆవిరైపోతుంది. మిగిలినదాన్ని రొట్టెలోని కొవ్వూ మాంసకృత్తులూ పట్టి ఉంచుతాయి. ప్రయోగశాల గాజు పళ్లెంలో చిన్న చుక్కతో ఆగిన బూజు తిండిలో ఆగకపోవడానికి ఇదే కారణం. మోతాదు పెంచావా, నోట పెట్టలేం.

అసలు సంగతేమిటంటే, పొయ్యిలోంచి తీసిన రొట్టెలో బతికున్న బూజు ఉండదు. చల్లారేటప్పుడు, కోసేటప్పుడు గాలిలోని బూజు బీజాలు వచ్చి పైన వాలతాయి. కాబట్టి కాపలా ఉండాల్సింది రొట్టె లోపల కాదు, దాని చుట్టూ ఉన్న గాలిలో. ఆ పనికి నా ఓటు ఆవాలకే. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకోచోట ఉంటాయి. గింజను నలిపి కాస్త తడి తగిలిస్తే రెండూ కలిసి అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ముక్కు అదిరించే ఘాటు దానిదే. దాని ఆవిరి బూజును బాగా అడ్డుకుంటుంది. నలిపిన ఆవాలు చిటికెడు చిన్న గిన్నెలో వేసి, రొట్టెకు తగలకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టి చూడు. ఎక్కువైతే రొట్టెకు ఆ వాసన అంటుతుంది. మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకో, కళ్లు మండుతాయి.

నీ ఉత్తరంలో నిల్వ మందులంటే "రసాయనాలు" అని భయపడ్డావు గానీ, నిల్వ కోసం వాడే సోర్బిక్ ఆమ్లాన్ని 1859లో మొదట వేరు చేసింది ఐరోపాలో పెరిగే రోవన్ అనే చెట్టు పండ్ల నుంచే. మొక్కలోంచి వచ్చిందా, కర్మాగారంలోంచా అన్నదానికన్నా ఎంత మోతాదులో తింటున్నామన్నదే నేను చూస్తాను. గాఢమైన లవంగ నూనె మొక్కదే అయినా నోటిని మండిస్తుంది.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను, కోప్పడకు. బూజు పట్టిన రొట్టెను ఏ నూనే బాగుచేయలేదు. పైన పచ్చటి మచ్చ కనిపించేసరికి కంటికి కనబడని పోగులు లోపలికి పాకి ఉంటాయి, పారేయడమే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వాటి మేతలోని వేరుశనగ పిండికి పట్టిన బూజు విషం, అఫ్లటాక్సిన్. మామూలు వంట వేడికి అది పోదు.

అన్నిటికన్నా ముందు రొట్టెను పూర్తిగా చల్లారనివ్వు. వేడిగా మూటకడితే చెమ్మ పట్టి, ఆవాలు పెట్టినా లాభముండదు. నువ్వు ఎంతసేపు ఆరబెడుతున్నావో, ఏ డబ్బాలో పెడుతున్నావో వివరంగా రాయి.

నీ
మూర్తి