అమ్మ కలలోకి వచ్చే చింతచెట్టు: దేవాదాయ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన దేవాదాయ, ధర్మాదాయ శాఖ మంత్రిగారికి,

విజయనగరం నుంచి నమస్కారాలు.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మా పైడితల్లి సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను కొన మీద పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండుగ అది, ఆ మానే సిరిమాను. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి. మంత్రిగారు పళ్లెం తలమీద పెట్టుకుని మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడిలోకి నడుస్తుంటే, ముందు కెమెరాలవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తుంటారు. ఆ తోపులాటలో మీకు ఒక్క మాట చెప్పే వీలుండదు కాబట్టి ముందే రాస్తున్నాను. వీఐపీ పాసుల గురించి కాదు, అది వేరే ఏడుపు. నేను అడగదలచింది చింతచెట్ల గురించి.

అమ్మవారి కథ మీకు తెలిసే ఉంటుంది. అయినా మా నాయనమ్మ చెప్పినట్టు ఒకసారి చెప్పనివ్వండి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు ఒక పక్క, మా విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు సైన్యం అతని వెంట. రాజుగారి చెల్లెలు పైడిమాంబకి ఈ యుద్ధం ఇష్టం లేదు. వద్దన్నా అన్న వినలేదు. బొబ్బిలి కోట కూలింది, గెలిచామనుకున్నారు. ఇంట్లో పూజలో కూర్చున్న చెల్లెలికి మాత్రం అన్న ప్రాణానికి ముప్పుందని తెలిసింది. పతివాడ అప్పలస్వామి నాయుడిని తోడు తీసుకుని బయల్దేరింది. దారిలోనే కబురు ఎదురొచ్చింది, తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి రాజుని పొడిచి చంపేశాడని. ఆమె అక్కడే సొమ్మసిల్లిపోయింది. తేరుకున్నాక అప్పలస్వామి నాయుడితో, "నేనిక అమ్మలో కలిసిపోతాను, నా విగ్రహం పెద్దచెరువులో పడమటి గట్టు దగ్గర దొరుకుతుంది" అని చెప్పి కన్నుమూసింది. చెప్పినచోటే విగ్రహం దొరికింది. వనంగుడి అక్కడ వెలిసింది.

బొబ్బిలిలో ఇదే కథ చెప్తే పాపారాయుడు వీరుడు. మా నాయనమ్మకి అతని మీద కోపం లేదు, చిత్రంగా రాజు మీదే కోపం. "ఆడపిల్ల మాట ఇన్లేదు, అందుకే ఏటా కోట ముందుకొచ్చి అడుగుతాది" అనేది. సిరిమాను గుడి దగ్గర్నుంచి విజయనగరం కోటదాకా మూడుసార్లు ఎందుకు తిరుగుతుందంటే ఆమె దగ్గర ఉన్న జవాబు అదే. పండితులు ఇంకోటి చెప్తారు. నాకు మా నాయనమ్మదే నచ్చుతుంది.

ఇక మాను సంగతికి వస్తాను. పండుగకు కొన్నాళ్ల ముందు అమ్మవారు పూజారికి కలలో కనిపించి ఈ ఏడాది చెట్టు ఏ దిక్కున ఉందో చెప్తుంది. అది చింతచెట్టు. వెతుక్కుంటూ వెళ్లి, పసుపు కుంకుమ పెట్టి, చీర కట్టి, పూజ చేసి కొడతారు. ఒక చెట్టు సిరిమానుకి, ఇంకోటి దాన్ని మోసే ఇరుసుమానుకి. ఎడ్లబండ్ల మీద డప్పులతో హుకుంపేట తెస్తారు. అక్కడ దాన్ని చెక్కుతారు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చూసేవాణ్ణి. బాడిస దెబ్బకి తెల్లటి పాలచెక్క రేకులు రేకులుగా లేచిపోయి, లోపల నల్లటి చేవ బయటపడేది. పుల్లపుల్లగా, పచ్చిగా ఒక వాసన. ఒక పేడు తెచ్చి పుస్తకాల సంచిలో పెట్టుకుంటే సంక్రాంతిదాకా ఆ వాసన పోలేదు.

అరవై అడుగులకు దగ్గరగా ఉంటుంది మాను. ఇరుసు మీద తూచినట్టు నిలబెట్టి, సన్నటి కొన మీద ఆసనం కట్టి, దాంట్లో పూజారిని కూర్చోబెడతారు. మొదలు దగ్గర కిందికి లాగితే కొన ఆకాశంలోకి లేస్తుంది. జనం మొక్కుకుని అరటిపళ్లు విసురుతారు. అంత ఎత్తున ఒక మనిషి ప్రాణాన్ని మోసేది ఆ చింత చేవే. టీ బడ్డీ దగ్గర ఒక కుర్రాడు "ఇనుప స్తంభం పెట్టేస్తే సరిపోద్ది కదా, ఏటా టెన్షన్ ఉండదు" అన్నాడు. పక్కనున్న పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి వాణ్ణి చూసిన చూపు మీరు చూసుంటే నాకు ఈ లేఖ రాసే పని తప్పేది.

ఒక ఏడాది ఆ కల మా మేనత్తవాళ్ల పొలంలో చెట్టుకి వచ్చింది. ఊరంతా వచ్చారు. మా మావయ్య కొత్త పంచె కట్టుకున్నాడు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే ఆయన కొట్టేవాడు. అత్త చెట్టుకి బొట్టు పెట్టి, పక్కకొచ్చి నిలబడింది. ఎండాకాలంలో పదిమంది కూలీలు పగలంతా దులిపితే గానీ ఒడవని చెట్టు అది. ఇల్లంతా ఏడాది పొడుగునా ఆ చింతపండే వాడుకుని, మిగిలింది అమ్ముకునేవాళ్లు. చెట్టు ఒరిగినప్పుడు అత్త కళ్లు మూసుకుంది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అడిగాను, బాధగా ఉందా అత్తా అని. "అమ్మోరికి ఇచ్చీసేం. ఇంకేటి సెప్తాం" అంది. కాసేపటికి తనే, "మల్లీ ఎవులైనా ఓ మొక్క ఎట్టితే బాగుణ్ణు" అంది.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను, మంత్రిగారూ.

చింత నెమ్మదిగా ఎదిగే చెట్టు. మానుకి పనికొచ్చే పొడవు, చేవ రావాలంటే ఒక మనిషి జీవితం పట్టేస్తుంది. ఈ రోజు మనం కొట్టేవి మన తాతల కాలం చెట్లు. మరి మనం పెడుతున్నవి ఏవి? ఇంటి దగ్గర చింతచెట్టు పెడితే దెయ్యాలు చేరతాయని ఎవరూ పెట్టరు. పాతవాటిలో కొన్ని రోడ్డు వెడల్పులో పోయాయి, కొన్ని ఇటుకబట్టీల్లోకి, ఇంకొన్ని మాంసం కొట్లలో మొద్దులుగా మారాయి. పొలం ప్లాట్లయితే మొదట పోయేది గట్టు మీది చింతే. అమ్మే చూసుకుంటుందిలే అంటారు మావాళ్లు. అమ్మ దారి చూపిస్తుంది, నిజమే. చూపించినచోట చెట్టంటూ ఉండాలి కదండీ.

ఈ పండుగ ఎవరి రుణమూ మర్చిపోదు. చెరువులోంచి విగ్రహాన్ని తీయడంలో చెయ్యేసిన జాలర్ల గుర్తుగా సిరిమాను ముందు ఇప్పటికీ బెస్తవారి వల నడుస్తుంది. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం కూడా ముందు నడుస్తాయి, ఒక్కోదాని వెనక ఒక్కో కథ. సిరిమానుకి ముందురోజు, తొలేళ్ల రాత్రి రైతులకి విత్తనాలు పంచితే, వాళ్లు ఇంటికి తీసుకెళ్లి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. చెట్టు ఇచ్చినవాడికి మాత్రం ఆ ఊరేగింపులో చోటు లేదు. ఇవ్వమని అడిగే అలవాటు కూడా వాళ్లకి లేదు.

అందుకని అడుగుతున్నాను. మీ శాఖ కింద దేవాలయ భూములున్నాయి. విజయనగరం చుట్టుపక్కల వాటిలో కొంత జాగా, పెద్దచెరువు గట్టుతో సహా, చింతకి వదలండి. ఏటా రెండు మానులు కొడుతున్నాం కాబట్టి కనీసం యాభై మొక్కలైనా పెట్టించండి, బతికినవే మిగులుతాయి. చెట్టు ఇచ్చిన రైతు పొలంలో మాత్రం వానలు పడగానే మీ మనిషి వెళ్లి, కంచెతో సహా మొక్క పెట్టి రావాలి. అటవీ శాఖవాళ్లతో మాట్లాడి, జిల్లాలో ఎదిగిన చింతలు ఎన్ని మిగిలాయో లెక్క రాయించండి. రోడ్డు పనికి గుర్తు వేసేముందు ఆ లెక్క ఒకసారి చూడమనండి. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. పండుగ ముందు కట్టే ఫ్లెక్సీల ఖర్చులో ఇది అయిపోతుందని నా అంచనా. ఫోటో మాత్రం అంత బాగా రాదు, మొక్క జానెడే ఉంటుంది కాబట్టి.

మేము మొదలుపెట్టాం. పోయిన ఆషాఢంలో అత్తవాళ్ల పొలంలో ఆ మోడు పక్కన రెండు మొక్కలు నాటాం. ఒకదాన్ని మేక తినేసింది. రెండోదానికి తుమ్మకంప కట్టాం. ఇప్పుడు మోకాలంత ఉంది. అత్త రోజూ పొద్దున్న గిన్నెలు కడిగిన నీళ్లు దానికే పోస్తోంది.

ఇట్లు,
విజయనగరం వాసి ఒకడు