కడుపునొప్పి అనగానే గ్యాస్ అని పంపేస్తారా?

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో కడుపునొప్పి గురించి డాక్టర్ల సలహాలు వేశారు. జనం ఆలస్యంగా వస్తున్నారు కాబట్టే ప్రాణాల మీదకి వస్తోందని అందులో తేల్చేశారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను. మిర్చి యార్డులో సీజను పని, ఇవాళ్టికి కుదిరింది. అయ్యా, మేము ఆలస్యం చేయలేదు. వేళకి వెళ్ళిన వాళ్ళనే వెనక్కి పంపేశారు.

మా మేనల్లుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఒక గురువారం సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడు. అన్నం వద్దన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మా అమ్మ వాము నమలమంది, ఆముదం కూడా తీసింది గానీ మా చెల్లెలు పట్టనివ్వలేదు. రాత్రి పదకొండింటికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. వెంటనే ఆటో ఎక్కించి ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ముందు కౌంటర్లో డబ్బు కట్టమన్నారు, కట్టాం. డ్యూటీ డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే ఏం తిన్నావని అడిగారు. మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు తిన్నానని వాడు చెప్పాడు. ఇంకేముంది, గుంటూరు వాళ్ళం కదా, కారం మీదకి నెట్టేశారు. గ్యాస్ అని ఒక ఇంజెక్షన్ వేసి, నాలుగు మాత్రలు రాసి పంపేశారు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. నాడి, బీపీ, జ్వరం రాయాల్సిన గళ్ళు మూడూ ఖాళీ. పిల్లాడి పొట్ట మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

మర్నాడంతా వాడు కాళ్ళు ముడుచుకునే పడుకున్నాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే మందు పనిచేయడానికి టైం పడుతుందన్నారు. రాత్రికి నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. చెల్లెలైతే దేవుడి దగ్గర దీపం పెట్టింది. అపెండిక్స్ పగిలినప్పుడు కూడా కాసేపు అలా తగ్గినట్టే ఉంటుందని మాకెవరు చెప్పారు? తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది.

మరో ఆస్పత్రికి పరుగెత్తాం. అక్కడ క్యాజువాలిటీలో పీజీ చదువుతున్న ఒక డాక్టరమ్మ, వాడికంటే ఐదారేళ్ళు పెద్దదై ఉంటుంది. అరచేతులు రెండూ రుద్దుకుని వేడి చేసుకుని, నొప్పి లేని ఎడమవైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. చెయ్యి పొట్ట మీదున్నా చూపంతా వాడి ముఖం మీదే. "ఒక్కసారి దగ్గు నాన్నా" అంది. దగ్గబోయి కేక పెట్టాడు. అంతే, ఆమె సర్జన్‌కి కబురు పంపేసింది. సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, నొప్పికి ఇంజెక్షన్ వేసి, ఆ తర్వాతే స్కానింగ్‌కి పంపింది. నొప్పి తగ్గిస్తే అసలు జబ్బు తెలియకుండా పోతుందంటారు కదమ్మా అని భయంభయంగా అడిగాను. అది పాతకాలం మాట అంకుల్, నొప్పి తగ్గితేనే పొట్ట వదులు చేస్తాడు, పరీక్ష ఇంకా బాగా చేయొచ్చు అంది. అపెండిక్స్ పగిలిపోయిందని తేలి, పొట్ట కోసి చీము కడిగారు. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. మొదటి రాత్రే పట్టుకుని ఉంటే మూడు చిన్న గాట్లతో ఆపరేషన్ అయిపోయేదట.

ఆ పన్నెండు రోజులూ వరండాలో కూర్చుని నేను నేర్చుకున్నది తక్కువేం కాదు. పై పొట్టలో మంట అని వచ్చిన పెద్దాయనకి ఈసీజీ తీస్తే గుండెపోటు. కడుపునొప్పితో కళ్ళు తిరిగి పడిపోయిన కొత్తకోడలికి గర్భసంచిలో కాకుండా ట్యూబులో గర్భం నిలిచి, అది పగిలి లోపలే రక్తం పోతోంది. ఆ వయసు ఆడపిల్ల కడుపునొప్పి అంటే ముందు మూత్రంతో గర్భం పరీక్ష చేయాలి. షుగర్ బాగా పెరిగిపోయినా వాంతులూ కడుపునొప్పీ వస్తాయి. మగపిల్లలకి వృషణం మెలిపడినా నొప్పి పొట్టలోనే అనిపిస్తుంది, సిగ్గుపడి చెప్పరు, ఆరు గంటలు దాటితే దాన్ని దక్కించుకోవడం కష్టం. ఈసీజీ, షుగర్ చుక్క, మూత్రం పరీక్ష, నిలబెట్టి తీసే ఛాతీ ఎక్స్‌రే. వీటికి కోట్ల రూపాయల మెషీన్లు కావాలా?

మన ఊళ్ళో సందుకొక ఆస్పత్రి ఉంది. ప్రతి దాని మీదా ఎర్ర లైట్లతో ఎమర్జెన్సీ 24 గంటలు అని బోర్డు. రాత్రి పన్నెండింటికి వెళ్తే సర్జన్ ఇంట్లో ఉంటారు, స్కానింగ్ గదికి తాళం, పొద్దున తొమ్మిదికి రమ్మంటారు. ఎమర్జెన్సీ మెడిసిన్‌ని ప్రత్యేక స్పెషాలిటీగా మన దేశంలో 2009లోనే గుర్తించారు. అయినా ఆ చదువు చదివిన వాళ్ళని పెట్టుకోకుండా, నిద్రలేని ఒక్క జూనియర్ని కూర్చోబెట్టి నడిపిస్తున్నారు. నాకు ఆ కుర్చీలో ఉన్న కుర్రాడి మీద కంటే కూర్చోబెట్టిన యాజమాన్యం మీదే ఎక్కువ కోపం. డాక్టర్ల మీద చెయ్యి చేసుకునే వాళ్ళని నేను సమర్థించను.

ప్రాణాపాయంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత ప్రభుత్వ డాక్టరుకైనా ప్రైవేటు డాక్టరుకైనా ఉందని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ప్రభుత్వ ఆస్పత్రిలో వేళకి వైద్యం అందకపోతే అది జీవించే హక్కుకి భంగమని 1996లో మళ్ళీ చెప్పింది. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రంలో 2002 నుంచి చట్టం ఉంది. మరి తనిఖీకి వచ్చే అధికారులు ఏం చూస్తున్నారు? మంచాలు లెక్కపెట్టుకుని, టీ తాగి వెళ్ళిపోతే సరిపోతుందా? కడుపునొప్పితో వచ్చిన వాళ్ళ చీటీలు ఓ పది తీసి, బీపీ రాశారా, పొట్ట చూశారా, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పారా అని ఒక్కసారైనా అడిగారా? నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా, వాంతులు ఆగకపోయినా వెంటనే రండి అని తెలుగులో రెండు ముక్కలు రాసి ఇచ్చి ఉంటే మేము శుక్రవారమే పరుగెత్తేవాళ్ళం.

ఆలస్యం రోగులదే అని మళ్ళీ వేసే ముందు ఒక పని చేయండి. మీ విలేకరిని ఏదో ఒక రాత్రి పన్నెండింటికి ఊళ్ళోని ఆస్పత్రులకి పంపండి. ఈ రాత్రి డ్యూటీ సర్జన్ ఎవరు, పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు అని అడగమనండి. వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
మిర్చి యార్డు గుమస్తా,
బ్రాడీపేట, గుంటూరు