మూసేసిన మురుగునీటి ప్లాంటు సంగతి

ఒరేయ్,

మూసేసిన మురుగునీటి ప్లాంటులో ఏం చూడాలని అడుగుతూ తుప్పుపట్టిన మోటార్ల ఫొటోలు బాగానే పంపావు గానీ, నువ్వు ముందు చూడాల్సింది వాటిని కాదురా. మురుగు లోపలికొచ్చే ఇన్‌లెట్ దగ్గర, దాన్ని ప్లాంటులోకి రానీకుండా పక్కకి మళ్లించే బైపాస్ గేటు చూడు. ప్లాంటుకి తాళం వేశారని జనం స్నానాలు మానరు కదా! ఆ మురుగు వేరే ప్లాంటుకి పంపింగ్ అవుతోందా, బైపాస్‌లోంచి తిన్నగా నదిలోకి పోతోందా? అది తేలితే సగం సంగతి తెలిసినట్టే.

ఓ లెక్క వేసి చూద్దాం. రోజుకి కోటి లీటర్ల మురుగు, లీటరుకి 250 మిల్లీగ్రాముల బీవోడీ (నీళ్లలోని కుళ్లుని సూక్ష్మజీవులు తినడానికి కావాల్సిన ఆక్సిజన్) అనుకో. అంటే రోజుకి 2,500 కిలోలు. నదిలో రోజుకి 9 కోట్ల లీటర్లు పారుతూ, దాని బీవోడీ 3 ఉంటే, కలిశాక 28 దాకా పోతుంది. అదే మురుగుని 20కి దించి వదిలితే 5 కూడా దాటదు. ఎండాకాలం నది సన్నబడితే ఈ లెక్క ఇంకా పాడవుతుంది. పైగా 30 డిగ్రీల నీళ్లు లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ని మించి పట్టుకోలేవు.

మురుగుని వేరే పరీవాహక ప్రాంతానికి మళ్లిస్తే ఇంకో చిక్కు. వేసవిలో కొన్ని చిన్న నదుల్లో పారేదాంట్లో చాలా భాగం శుద్ధి చేసిన నీరే. అది పోతే నది శుభ్రపడొచ్చు గానీ, ఎండిపోనూవచ్చు. ఈ మాట ఎవరూ ఎత్తరు.

ఇక ట్యాంకులు. గాలి ఊదే బ్లోయర్లు ఆపిన కొద్ది గంటల్లోనే ఏరేషన్ ట్యాంకులో (మురుగుకి గాలి పట్టించే ట్యాంకు) ఆక్సిజన్ అయిపోయి, బురద కుళ్లడం మొదలవుతుంది. అందుకని వెంటనే తోడేద్దామంటారు. ఆగాలి! భూగర్భజలం పైకి ఉన్నప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా లేస్తుంది. ట్యాంకు అడుగుభాగానికి 4 మీటర్ల పైదాకా భూగర్భజలం ఉంటే చదరపు మీటరుకి 4 టన్నుల ఎత్తుడు బలం. దాన్ని బరువుతోనే ఆపాలంటే మీటరున్నర మందం దాటిన కాంక్రీటు కావాలి, అంత ఎవరు పోస్తారు? అడుగున ప్రెషర్ రిలీఫ్ వాల్వులుంటే (కింది నీటి ఒత్తిడిని ట్యాంకులోకి వదిలేవి) సరే, అవీ బురదతో మూసుకుపోయుంటాయి. పక్కనున్న బావిలో నీటిమట్టం చూసుకుని, ఎండాకాలంలోనే తోడాలి.

లోపలికి మాత్రం నువ్వు దిగకు. బురదని కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు బుస్సున లేస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల్లో వంద వంతులు) దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు, దాంతో జనం గాలి బాగుందనుకుంటారు. దిగేవాళ్లు గ్యాస్ మీటరు పెట్టి చూడాలి: ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, మీథేన్ పేలుడు హద్దుకి దరిదాపుల్లోకి రాకూడదు. గాలిలో 5 శాతం మీథేన్ చాలు అంటుకోడానికి. క్లోరిన్ టన్ను సిలిండర్లు మిగిలాయేమో కూడా కనుక్కో. ఉంటే ముట్టుకోకుండా సరఫరాదారుకి చెప్పించు.

మళ్లీ నడిపితే ఎన్నాళ్లకి దారికొస్తుందన్నావు. పక్క ప్లాంటు నుంచి బతికున్న బురద (మురుగుని తినే సూక్ష్మజీవులున్నది) తెచ్చి వేస్తే రెండు మూడు వారాలు. అమ్మోనియాని తినే బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది, దానికి ఇంకాస్త సమయం పడుతుంది. మొదట్లో తెల్లటి నురగ పొంగుతుంది. బురద ఇంకా లేతగా ఉందని అర్థం, కంగారుపడొద్దు.

నదిని పరీక్షించాలంటే మధ్యాహ్నం వెళ్లకు. పగలు నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రీడింగ్ అందంగా వస్తుంది. తెల్లవారేముందు వెళ్లు. మురుగు నదిలో కలిసే చోటికి పైన ఒకటి, నీరు పూర్తిగా కలిశాక ఒకటి, ఇంకా దిగువన రెండు మూడు చోట్ల శాంపిల్స్ తియ్యి. ఆక్సిజన్ ఎక్కువ పడిపోయేది కలిసిన చోటే కాదు, చాలాసార్లు కిలోమీటర్ల దిగువన ఉంటుంది. సీసాలో గాలి బుడగ మిగలకూడదు. ఆక్సిజన్ లెక్క మారకుండా అక్కడికక్కడే మాంగనస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ అనే రసాయనాలు వేసి మూత బిగించెయ్. అంకెలు రాగానే పంపు, కలిసి చూద్దాం.

ఉంటానురా.