ఇంటిలోపల నారు పెంపకం: సంఘం తోటల విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

షికాగో పశ్చిమ శివార్లలో, ముఖ్యంగా నేపర్‌విల్, ఆరోరా పరిసరాల్లో ఉంటున్న మన సభ్యుల పెరటి తోటల కోసం ఈ ఏడాది తోటల విభాగం చేసిన పనిని ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాము. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందన్న మాట మన ఊళ్లకు చెల్లుతుంది గాని, ఇక్కడ ఆ పండుగనాటికి పెరట్లో మంచు పేరుకుని ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. మిరప, వంగ గింజలు చల్లవలసింది మాత్రం సుమారుగా ఆ రోజుల్లోనే. ఇక్కడ నీరు గడ్డకట్టే చలి మే నెల మొదటి, రెండో వారాల దాకా పోదు, అక్టోబరు మధ్యకల్లా మళ్లీ వచ్చేస్తుంది. అంటే మన కూరగాయలకు ఆరుబయట దొరికేది దాదాపు ఐదు నెలలే. అందువల్ల నారును ఇంట్లోనే పెంచుకోక తప్పదు.

జనవరి సమావేశంలో సభ్యులకు ఇచ్చిన పట్టికను ఆఖరి మంచు తేదీ (వసంతంలో గడ్డకట్టే చలి చివరిసారిగా వచ్చే రోజు) నుంచి వెనక్కి లెక్కించి తయారుచేశాము. దాని ప్రకారం మిరప, వంగ గింజలను ఎనిమిది నుంచి పది వారాల ముందు, టమాటాను ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు చల్లాలి. బీర, సొర, కాకర వంటి తీగజాతులకు మూడు నాలుగు వారాలు చాలు. వీటి వేళ్లు కదిలిస్తే మొక్క బెంగటిల్లుతుంది కనుక, గింజలను రాత్రంతా నానబెట్టి విడివిడిగా కాగితపు కప్పుల్లో నాటి, కప్పుతోపాటే నేలలో దించమని సూచించాము. తొందరపడి మార్చిలోనే సొర నాటిన ఇళ్లలో తీగ కిటికీ తెరలకు అల్లుకుంది తప్ప, ఏప్రిల్ చివర నాటినవారికంటే కాపు ముందు రాలేదు.

ఈ ఏడాది సభ్యులు అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం నారు సన్నగా, పొడవుగా సాగి వాలిపోవడం గురించే. దక్షిణపు కిటికీ దగ్గర పెట్టాము కదా, ఇంకేం కావాలని చాలామంది అడిగారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మబ్బుపట్టిన ఆకాశం కింద అద్దంలోంచి వచ్చే వెలుతురు మిరప నారుకు చాలదు. సాధారణ ఎల్‌ఈడీ ట్యూబులను మొలకలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో వేలాడదీసి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుతూ, రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటలు వెలిగిస్తే కాడ గట్టిపడుతుంది. మిరప, వంగ గింజలు మొలవడానికి మట్టిలో సుమారు ఎనభై డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి. గది వెచ్చగా ఉన్నా తడిమట్టి అంతకంటే చల్లగానే ఉంటుంది కనుక, ట్రే కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలుచని పట్టా) వేసిన ఇళ్లలో మొలకలు త్వరగానూ ఒకేసారిగానూ వచ్చాయి. మొలిచాక మ్యాట్ తీసేయాలి, లేకపోతే నారు మళ్లీ సాగుతుంది.

నారుకుళ్లు తెగులు కొన్ని ఇళ్లలో కనిపించింది. మొలక కాండం మట్టిని తాకేచోట మెత్తబడి, ఒక్క రాత్రిలో పడిపోవడం దీని లక్షణం. పెరటిమట్టి వాడటం, పైనుంచి పదేపదే నీళ్లు పోయడం, గాలి ఆడకపోవడం దీనికి ముఖ్య కారణాలు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికపాటి తెల్ల గుళికలు) కలిపిన కొత్త మిశ్రమం వాడి, ట్రేలో అడుగునుంచి నీరు పీల్చుకోనిచ్చి, చిన్న ఫ్యాను తిప్పినవారికి ఈ బెడద దాదాపు లేదు.

దొండకు గింజ పద్ధతి పనికిరాదు. ఆడ, మగ తీగలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, కాసే తీగ నుంచి కత్తిరించిన కొమ్మనే నాటుకోవాలి. శరదృతువులో తీసిన కొమ్మలను గాజుసీసాలో నీళ్లలో ఉంచి, వేళ్లు వచ్చాక కుండీల్లోకి మార్చి, శీతాకాలమంతా ఇంట్లో కాపాడిన సభ్యులు వసంతంలో వాటిని ఉదారంగా ఇతరులకు పంచారు. బచ్చలి కొమ్మకూ ఇదే పద్ధతి సరిపోతుంది. గోంగూర విషయం వేరు: పగటి నిడివి తగ్గితేనే అది పూతకు వస్తుంది, ఆ గింజ ముదిరేలోపే ఇక్కడ మంచు పడుతుంది. ఆకుకు కొదవ ఉండదు గాని, గింజ మాత్రం ఏటా బయటినుంచి తెచ్చుకోవలసిందే.

కరివేపాకు గురించి ఒక హెచ్చరిక అవసరం. నిమ్మజాతి చెట్లను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగుకు కరివేప కూడా ఆశ్రయమే. అందుకే ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లోని నిర్బంధ ప్రాంతాల (ఆ తెగులు, పురుగు వ్యాపించకుండా మొక్కల రవాణాపై ఆంక్షలున్న చోట్ల) నుంచి మొక్కను గాని, కొమ్మను గాని బంధువుల ద్వారా తెప్పించుకోవడం నిబంధనలకు విరుద్ధం. కొత్త మొక్క కావాలంటే ఇక్కడి కుండీలో తల్లిమొక్క పక్కన వచ్చే పిలకను వేళ్లతో సహా వేరుచేసుకోవాలి. గింజ దొరికితే గుజ్జు కడిగి వెంటనే నాటాలి, నిల్వ ఉంచితే మొలకశక్తి త్వరగా పోతుంది. భారతదేశం నుంచి కూరగాయల విత్తనాలు తెచ్చుకునేవారు కూడా వాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం (ఫైటోశానిటరీ సర్టిఫికెట్) లేకపోతే అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి ముందుగా పొందాలి. చిన్న మొత్తాలకు ఇచ్చే అనుమతి కింద ఒక్కో పొట్లంలో యాభై గింజలు లేదా పది గ్రాములు మించకూడదు.

మే నెలలో నారు పంపిణీ సజావుగా జరిగింది. నారును వారం పదిరోజులపాటు రోజుకు కొంతసేపు ఆరుబయట ఉంచి, గాలికి, ఎండకు అలవాటు చేశాకే పంచాము. జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాది సంఘం దీపాలను, హీట్ మ్యాట్లను సభ్యులకు వంతులవారీగా ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. ఇంతకుముందు ట్రేలు తీసుకున్నవారు వాటిని బ్లీచ్ నీళ్లతో కడిగి ఆరబెట్టి సంక్రాంతిలోగా అప్పగించవలసిందిగా మనవి. మిరప, వంగ విత్తనాలను సంక్రాంతి సమావేశంలోనే పంచుతాము. బీర, సొర, కాకర విత్తనాలను మాత్రం ఏప్రిల్ దాకా విభాగం వద్దనే ఉంచుతాము.