అమ్ముకోండి, మా నంబరు సంగతి చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారమండి. మా కోనసీమలో చాలా ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ఇక్కడున్న పెద్దాళ్లకి ఇంటర్నెట్ మీద మాట్లాడుకునే నెట్ ఫోనే ఆధారం. మేం వాడే కంపెనీని అమ్మేస్తారంటున్నారు, అమ్ముకోండి కాదనం, కానీ ముందే కట్టిన బ్యాలెన్స్, అందరికీ ఇచ్చుకున్న నంబరు, మా కాల్ వివరాలు రేపు ఎవరి చేతికెళ్తాయో చెప్పాలి కదండీ. ఇలాగే నెట్ కాల్స్ ఇచ్చే స్కైప్‌ని 2005లో ఈబే కొంది, 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకి తీసుకుంది, 2025 మేలో మూసేశారు. అమెరికాలో వానేజ్ అనే నెట్ ఫోన్ కంపెనీ అయితే 2006లో షేర్ మార్కెట్‌కొస్తూ సొంత కస్టమర్లకే 17 డాలర్ల చొప్పున షేర్లు అమ్మింది, మొదటి రోజే రేటు పడిపోయింది, పాపం నమ్మి కొన్నోళ్లు నష్టపోయారు. అందుకే కంపెనీ చేతులు మారేముందు కస్టమర్లకి తెలుగులో నోటీసు ఇచ్చి, వద్దన్నోళ్లకి బ్యాలెన్స్ తిరిగిచ్చేలా ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ సంస్థ గట్టిగా రూల్ పెట్టాలండి.

– ఒక పాఠకుడు, రాజోలు