బ్రిస్బేన్ పడవలో కలిసిన పెద్దాయనకు

ఆయన తెలుగు చదవరని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అక్టోబరులో బ్రిస్బేన్ వెళ్లాం. అక్కడే పుట్టి పెరిగిన నా స్నేహితురాలు, ఊరు చూడాలంటే నదిమీదే చూడాలంది. 1988 ఎక్స్‌పో (ప్రపంచ ప్రదర్శన) జరిగిన సౌత్‌బ్యాంక్‌లో సిటీక్యాట్ అనే ఊరి పడవ ఎక్కాం. టికెట్ 50 సెంట్లే! మా అమ్మ నమ్మలేదు, రెండుసార్లు అడిగింది. 1940లో కట్టిన స్టోరీ బ్రిడ్జి కిందుగా వెళ్తుంటే అందరం తలెత్తి చూస్తూ ఉండిపోయాం.

న్యూఫార్మ్ పార్కు దగ్గర దిగి, ఊదారంగు జకరాండా పూల కింద ఫొటోలు మొదలుపెట్టాక చూసుకుంటే అమ్మ సంచి లేదు. పాస్‌పోర్టులు, బీపీ మాత్రలు అన్నీ అందులోనే. టెన్షన్‌తో నాకు కాళ్లాడలేదు. స్నేహితురాలు ఫోన్లు చేస్తూనే ఉంది.

ఇంతలో ఇటు వచ్చే పడవలోంచి, మా వెనక సీట్లో కూర్చున్న పెద్దాయన సంచి పట్టుకుని దిగారు. అవతలి ఒడ్డున హాథార్న్‌లో దిగి, మాకోసమే తిరిగొచ్చారట. అమ్మ చేతులు జోడించి "చల్లగా ఉండు నాయనా" అంది. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి! అర్థమైనట్టే నవ్వి, పేరైనా చెప్పకుండా మళ్లీ రేవు వైపు నడిచారు.

అయ్యా, మీకు మా అందరి నమస్కారాలు.