ఆ జావ ఎవరు కాచారు?

సంపాదకులకు,

అయ్యా, 2025 డిసెంబరు 5న రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, మరో పావు శాతం కోసి 5.25 చేసింది. మర్నాడు మీ మొదటి పేజీలో 'ఇల్లు కొన్నవారికి పండగ' అని శీర్షిక, దాని కింద తాళంచెవుల గుత్తి పట్టుకుని నవ్వుతున్న యువజంట బొమ్మ. లోపలి పేజీలో ఇరవై ఏళ్ల అప్పు మీద నెలకెంత మిగులుతుందో పెద్ద పట్టిక. వార్తంతా రెండుసార్లు చదివాను. డిపాజిట్ అన్న మాట ఒక్కచోటా లేదు. ఆ రోజే రాయబోయి, కోపంలో రాయకూడదని ఆగాను. ఈలోగా నా డిపాజిట్ గడువు తీరి బ్యాంకుకు వెళ్లవలసి వచ్చింది. ఆగి లాభం లేదని తేలింది కనుక ఇప్పుడు రాస్తున్నాను.

అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు రాసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ప్రభుత్వోద్యోగం కాదు, కాబట్టి కరవు భత్యంతో పెరిగే పింఛను లేదు. భవిష్యనిధి నుంచి వచ్చే పింఛను సంగతి పత్రికలో చెప్పుకునేంత గొప్పది కాదు. దాని కనీస మొత్తాన్ని 2014లో వెయ్యి రూపాయలు చేశారు, ఇవాళ్టికీ ఆ వెయ్యే. నాలాంటి వాళ్లకు బ్యాంకు వడ్డీయే జీతం. మీ పట్టికలో నా గడి లేదు కాబట్టి నేనే పూరిస్తున్నాను. 12 లక్షల డిపాజిట్, పాత రేటు 7.75, ఏడాదికి 93,000. కొత్త రేటు 6.9, ఏడాదికి 82,800. నెలకు 850 రూపాయలు తగ్గింది. మా ఇంట్లో అది నెలసరి కాఫీ పొడి, నా రక్తపోటు మాత్రలు.

ఇది ఒక్క డిసెంబరు కోత కాదు. ఏడాది మొదట్లో రెపో 6.5 ఉండేది. ఫిబ్రవరిలో పావు, ఏప్రిల్‌లో పావు, జూన్‌లో ఏకంగా అర, ఇప్పుడు మళ్లీ పావు. మొత్తం ఒకటింబావు శాతం. అది చాలదన్నట్టు బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచవలసిన నగదు నిల్వను కూడా నాలుగు నుంచి మూడు శాతానికి దించారు. చేతినిండా డబ్బున్న బ్యాంకుకు నా పన్నెండు లక్షలతో పనేముంది?

ఈసారి గవర్నర్ సంజయ్ మల్హోత్రా గారు దేశం 'అరుదైన గోల్డీలాక్స్' కాలంలో ఉందన్నారు. వృద్ధి ఎక్కువ, ద్రవ్యోల్బణం తక్కువ, మరీ వేడీ కాదు, మరీ చల్లనా కాదు అని భావం. ఆ కథ నాకు తెలియదు. మా మనవరాలిని అడిగితే ఫోనులో పూర్తిగా చెప్పింది. ఒక పిల్ల అడవిలో ఎవరూ లేని ఇంట్లోకి దూరి, బల్ల మీదున్న మూడు గిన్నెల జావ రుచి చూసి, తనకు సరిపడా వేడిగా ఉన్న గిన్నె ఖాళీ చేస్తుందట. ఆ జావ కాచుకున్నది ఎలుగుబంట్లు. పిల్ల ఖాళీ చేసింది అందులో బుల్లి ఎలుగుబంటి గిన్నె. గవర్నర్ గారు ఈ పోలిక ఎంచుకున్నందుకు నాకు అభ్యంతరం లేదు. మేము ఏ గిన్నె తాలూకు వాళ్లమో కూడా ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. మన పెద్దలైతే దీన్ని అత్త సొమ్ము అల్లుడి దానం అనేవారు.

అప్పు తీసుకున్నవాళ్ల మీద నాకు కడుపుమంట లేదు. మా అబ్బాయికీ షోలింగనల్లూరులో ఫ్లాటు మీద అప్పుంది. 2019 అక్టోబరు నుంచి ఇలాంటి కొత్త అప్పులను రెపో వంటి బయటి కొలమానానికి కట్టారు కాబట్టి వాడి వడ్డీ తగ్గుతుంది, సంతోషం. తీరా చూస్తే బ్యాంకు వాడి నెలవాయిదా తగ్గించలేదు, అప్పు గడువు తగ్గించింది. వాడికి మిగిలేది ఎప్పుడో పదిహేనేళ్ల తర్వాత. నాకు తగ్గేది ఈ నెల నుంచే. మీ పట్టిక ప్రకారం మా కుటుంబానికి ఇది పండగ.

ధరలు పెరగనప్పుడు 6.9 కూడా ఎక్కువేనని ఆర్థికవేత్తలు అంటారు, తెలుసు. అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతమే, ఈ ధరల సూచీ శ్రేణిలో ఇంత తక్కువ ఎన్నడూ లేదు. నిజమే, కూరగాయలు చవకయ్యాయి, కాదనను. కానీ ఆ సూచీలో నూటికి తిండికి దాదాపు 46 పాళ్లు, వైద్యానికి ఆరు పాళ్లు కూడా లేవు. నా ఇంటి పద్దు పుస్తకం నలభై ఏళ్లుగా నేనే రాస్తున్నాను. పోయిన ఏడాది అందులో ఆసుపత్రి, మందులు, ఆరోగ్య బీమా కలిపి మూడో వంతు. టమాటా చవకైందని మోకాలి నొప్పి తగ్గదు కదా.

సరే, వాళ్ల లెక్కే ఒప్పుకుందాం. మరి 2020 మే నుంచి 2022 మే దాకా రెపోను 4 శాతం దగ్గర పెట్టారు. 2020-21లో ధరలు సగటున ఆరు శాతానికి పైగా పెరిగాయి. మాకు అయిదు, మహా అయితే అయిదున్నర ఇచ్చారు. అంటే మా అసలే ఏటా కొంచెం కొంచెం కరిగింది. అప్పుడు ఈ ఆర్థికవేత్తలు ఏ ఊళ్లో ఉన్నారు? ఆ పైన 2022లో వరసగా మూడు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం దాటకూడదని పెట్టుకున్న ఆరు శాతం గీత దాటింది. అలా దాటితే ఎందుకు దాటిందో రిజర్వు బ్యాంకు కేంద్రానికి ఉత్తరం రాసుకోవాలని చట్టం. ఆ ఏడాది నవంబరు 3న, రెపో రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ ప్రత్యేకంగా కూర్చుని ఉత్తరం సిద్ధం చేసింది. అందులో ఏముందో మనకు చూపించలేదు. ఎవరి డబ్బు విలువ పడిపోయిందో వాళ్లకే సంజాయిషీ చూపించరట. మా కంపెనీలో లెక్క తప్పితే నేను ఆడిటరు ముందు నిలబడి చెప్పేవాణ్ణి.

ఇక నా బ్యాంకు ప్రయాణం. వెళ్లేసరికే డిపాజిట్ గడువు తీరిన రోజున కంప్యూటర్ తనంతట తానే 6.9కి తిరిగి వేసేసింది. పెద్దల కోసం అని రాసిన కుర్చీ మీద కొత్త క్యాలెండర్ల కట్ట కూర్చుని ఉంది, నేను నిలబడ్డాను. కౌంటరులో తెలుగమ్మాయి, గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిందట. నాలుగు లక్షలు తీసి సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేయమన్నాను. దాని వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం, ప్రభుత్వమే ఇస్తుంది, రిజర్వు బ్యాంకు ఇన్ని కోతలు కోసినా దాన్ని ఇంకా ముట్టుకోలేదు.

"అది పోస్టాఫీసులో అంకుల్."

"బ్యాంకుల్లో కూడా ఉందమ్మా."

"మా బ్రాంచిలో ఎవరూ అడగరు."

పోనీ రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేటు పొదుపు బాండ్లు ఇవ్వమన్నాను. ఏడేళ్ల గడువు, జాతీయ పొదుపు పత్రం వడ్డీ కంటే 0.35 ఎక్కువ, అంటే ఇప్పుడు 8.05. ఆ అమ్మాయి పక్క కౌంటరు వైపు చూసింది, పక్క కౌంటరు పైకి చూసింది. తర్వాత సొరుగులోంచి నున్నటి రంగుల కాగితం తీసి, దీనికన్నా మంచిది ఉందంది. జీవిత బీమా, పదేళ్లు ప్రీమియం కట్టాలట. నాకు డెబ్బై ఒకటి అన్నాను. "అయితే మీ అబ్బాయి పేరున వేద్దాం అంకుల్" అంది. ఆ పిల్లను తప్పుపట్టను, నెలకు ఇన్ని అమ్మాలని పైనుంచి లక్ష్యం పెట్టి ఉంటారు. బ్యాంకులు బీమాను తప్పుడుగా అంటగట్టకూడదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు 2024 నవంబరులోనే అన్నారు. ఆ మాట మా బ్రాంచికి ఇంకా చేరలేదు. డిపాజిట్ రద్దు చేయాలంటే మేనేజరు సంతకం కావాలి. మేనేజరు శిక్షణకు వెళ్లారు.

ఇంటికొచ్చేసరికి ఫోనులో ప్రైవేటు కంపెనీల 11 శాతం బాండ్ల సందేశాలు. ఇంత డబ్బుంటేనే కొనాలన్న మెట్టును షేర్లు, బాండ్ల మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024లో లక్ష నుంచి పదివేలకు దించింది, ఇక పెన్షనర్లందరూ వీళ్ల కంటపడ్డారు. పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి ఆరున్నర శాతం దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా 11 ఇస్తానంటే, ఆ పైన ఇచ్చే నాలుగున్నర వడ్డీ కాదు, ఎగవేతకు ముందుగా ఇచ్చే పరిహారం. రేటింగు చూసి కొనండి అంటారు. ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీకి 2018 ఆగస్టు దాకా అన్నిటికన్నా పై రేటింగు ఉంది, సెప్టెంబరులో అట్టడుగుకు పోయింది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ ఆరు రుణ పథకాలను ఒక్క రాత్రిలో మూసింది. డబ్బు తర్వాత విడతలవారీగా తిరిగొచ్చింది, ఆ మాటా చెప్పాలి. కానీ డెబ్బై దాటినవాడు విడతల కోసం ఎన్నేళ్లు ఎదురు చూడాలి? ఇక మన చెన్నైకి, ఎక్కువ వడ్డీ ఆశ చూపి జనాన్ని ముంచిన ఆరుద్ర గోల్డ్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. రెండు వేల కోట్లకు పైగా పోసినవాళ్లంతా అత్యాశాపరులని మీ పత్రికే అప్పట్లో సంపాదకీయం రాసింది. భద్రమైన చోట వడ్డీ కోస్తూ, ఉన్న మంచి పథకాలను కౌంటరులోనే దాచేస్తూ, బయట పదకొండు శాతం ప్రకటనలు వేసుకుంటూ పోతే జనం ఎటు వెళతారు? ఆ ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తున్నాయి, పోయిన ఆదివారం ఏడో పేజీ చూడండి.

నేను అడిగేది చిన్నదే. ద్రవ్య విధాన కమిటీ మళ్లీ ఫిబ్రవరిలో కూర్చుంటుంది. ఆరుగురిలో ఒక్కరైనా వడ్డీ మీద బతికేవారు ఉంటే బాగుండునని నా ఆశ, అది మీ చేతుల్లో లేదు. అప్పుల పట్టిక పక్కన డిపాజిట్ల పట్టిక కూడా వేయడం మీ చేతుల్లోదే. పాత రేటు, కొత్త రేటు, 8.2 ఎక్కడ దొరుకుతుందో, ఏ ఫారం అడగాలో వేయండి చాలు. తాళంచెవుల జంట పక్కన పాస్‌బుక్కు పట్టుకున్న ముసలాయన బొమ్మ కూడా కావాలంటే ఫొటోకు నేనే వస్తాను. మా ఆవిడ ఇస్త్రీ చొక్కా తీసి పెడతానంది, నవ్వమని మాత్రం అడగవద్దంది.

ఇట్లు,
ఒక విశ్రాంత అకౌంటెంటు,
పెరంబూరు, చెన్నై